తప్పించుకా, తప్పించకా?

(2022లో జిల్లాలు మారాక ఒక చర్చా వేదికలో సాగిన ముచ్చట. మాట్లాడేవాళ్ళకు పేర్లుగా వాళ్ళ ఊళ్ళు.)

ఆత్మకూరు: సుమతీ శతకంలో "ఎప్పటికెయ్యది ప్రస్తుత / మప్పటి కా మాటలాడి యన్యుల మనముల్" అని మొదలయ్యే పద్యం పొద్దుట్నించి నస పెడతా ఉంది. "నొప్పింపక తా నొవ్వక" దాకా సాఫీగా వస్తుంది. ఆ పైన నోటికొచ్చేది "తప్పించుక తిరుగువాడు". చేతిలో ఉన్న గైడు పుస్తకంలో మాత్రం "తప్పించక తిరుగువాడు" అని ఉంది. చకారానికి కొమ్ముంటే ఒక అర్థం, లేకపోతే సరిగ్గా దానికి ఎదురర్థం. ఏది ఖాయం?

మూలపేట: అచ్చుతప్పు సామీ. గైడు పుస్తకాన్ని ప్రమాణంగా తెచ్చిన మొదటి మనిషి మీరే. చర్చ సమాప్తం.

ఉలవపాడు: సమాప్తం అనే ముందు అచ్చుతప్పని ఎట్ట తేల్చారో చెప్పండి. ఛందస్సుతో మాత్రం తేలదు. నాలుగో పాదం గణాలుగా, అంటే అక్షరాల గుంపులుగా, విడగొట్టి చూడండి: తప్పిం / చుక తిరు / గువాడు / ధన్యుడు / సుమతీ. రెండో గణం నలం, అంటే నాలుగు లఘువులు (పొట్టి అక్షరాలు). "చక తిరు" అన్నా అవే నాలుగు లఘువులు. ప్రాస, అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం, "ప్ప" మీద ఉంది; యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు, "త"కూ "ధ"కూ కుదిరింది. మన తగాదా అక్షరం జోలికి ఏదీ రాదు. కొమ్ము ఉన్నా ఊడినా పద్యం చెక్కు చెదరదు.

చీమకుర్తి: అంటే రెండూ ఒప్పే. ఇంక వాదించుకోడానికి కావలసినంత చోటుంది. రండి రండి.

కనిగిరి మాస్టారు: ఛందస్సు చేతులెత్తేసినచోట వ్యాకరణం ఉంటుంది. "నొప్పించు", "తప్పించు" లాంటి ధాతువులకు వ్యతిరేకార్థంలో, పాత కావ్యభాషలో, "చు" పోయి "పు" వస్తుంది. చంపించు, చంపింపక. తెప్పించు, తెప్పింపడు. వినిపించు, వినిపింపదు. బాలవ్యాకరణం క్రియాపరిచ్ఛేదం తెలిసినవారికి ఇది కొత్త కాదు. ఈ కవి మూడో పాదంలోనే "నొప్పింపక" అన్నాడు. నాలుగో పాదంలోనూ వ్యతిరేకమే కావాలనుకుంటే "తప్పింపక" అనేవాడు. గణాలకూ సరిపోయేది. అనలేదు. కాబట్టి అక్కడున్నది వ్యతిరేకం కాదు, "తప్పించుకొని". ఆ "కొని" కురచై "క" అయింది. మన జిల్లాలో "ఎత్తకపోయినాడు", "పట్టకరా" అంటారు చూడండి, ఆ "క"నే ఇది.

ఆత్మకూరు: ఇది బాగుంది మాస్టారూ. ఇంక ఖాయం చేసుకోవచ్చా?

చీమకుర్తి: ఆగన్నా, తొందరేంది. మాస్టారి వాదమంతా "నొప్పింపక"లోని ఒక్క పకారం మీద నిలబడి ఉంది. ఆ పకారానికి ఎవరు జామీను? ఒంగోలు నుంచి కందుకూరు దాకా ఎవర్ని అడిగినా "నొప్పించక తానొవ్వక" అనే చదువుతారు. అది కూడా గణాలకు సరిపోతుంది, అక్కడా ప్రాస "ప్ప"నే. ఇది కంద పద్యం, కందంలో బేసి పాదానికి యతి లేదు కాబట్టి ఆ పక్కనించీ సాక్ష్యం రాదు. మూడో పాదంలో "నొప్పించక" అని పెట్టండి, నాలుగో పాదంలో "తప్పించక" దానికి తోబుట్టువై కూర్చుంటుంది. మాస్టారి సూత్రం గాల్లో వేలాడుతుంది.

కనిగిరి మాస్టారు: జనం నోట్లో ఉన్నది ఈనాటి భాష. "నొప్పించకుండా" అనే అలవాటులో పకారాన్ని చకారం చేసుకున్నారు. పద్యం పాతది.

చీమకుర్తి: పద్యం పాతదైతే "తప్పించుకొని" ముక్కను "తప్పించుక" అని కురచ చేసింది ఏ కాలం భాష? పకారం దగ్గర పాత వ్యాకరణం, కకారం దగ్గర కొత్త వాడుక. మాస్టారు రెండు తక్కెళ్ళు పెట్టుకున్నారు.

మూలపేట: ఇదుగో ఇక్కడ చీమకుర్తి మాటలో రవంత పస ఉంది. నేను దీన్ని ఇంకో పక్కకు లాగుతా. సుమతి బద్దెనదని చెబుతారు కదా, ఆ "క" చూస్తే నాకు అంత పాత వాసన తగలదు. నోట్లో నలిగి నలిగి మారిన పద్యం ఇది.

ఉలవపాడు: బద్దెన జోలికి పోవద్దు, పోతే వారం దాకా తేలం. ఇంకో చిన్న సాక్ష్యం ఉంది. బడి పుస్తకాల్లో చాలాచోట్ల "తప్పించుకు తిరుగువాడు" అని కూడా అచ్చయింది. "క" కాదు, "కు". వ్యతిరేకార్థమైతే "తిరుగువాడు" ముందు "చకు" అనే రూపం కుదరదు. ఆ "కు" పెట్టినవాడు దాన్ని "కొని" అనే అర్థం చేసుకున్నాడు. "తప్పించుకు పోయాడు" అన్నట్టు.

చీమకుర్తి: అర్థం చేసుకున్నాడని ఒప్పుకుంటా. సరిగ్గా చేసుకున్నాడని ఎక్కడుంది?

మూలపేట: అసలు ఒక అక్షరం తేల్చాలంటే ఛందస్సుకు పని పెట్టే పద్యం పట్టుకోవాలి. మా తిక్కన గారి "ఒరులేయవి యొనరించిన / నరవర యప్రియము తన మనంబున కగు దా / నొరులకు నవి సేయకునికి" ఉంది కదా, ఇతరులు చేస్తే తనకు అప్రియమయ్యేది తాను ఇతరులకు చేయకపోవడం. చివరి పాదం "పరాయణము పరమధర్మపథముల కెల్లన్". సగం మంది "పారాయణము" అని దీర్ఘం తీస్తారు. ఇక్కడ క్షణంలో తేలిపోతుంది. "పరాయ" జగణం, అంటే లఘువు, గురువు (పొడుగు అక్షరం), లఘువు: 1, 2, 1 కలిపి 4 మాత్రలు. "పారాయ" అంటే 5 అవుతాయి, గణం చెడింది. పైగా కందంలో మొదటి పాదం లఘువుతో మొదలైతే నాలుగూ లఘువుతోనే మొదలవ్వాలి: ఒ, న, నొ, ప. దీర్ఘం తీస్తే అదీ పోయింది. ఒక్క తప్పుకు రెండు శిక్షలు. అర్థమూ వేరే: పరాయణం అంటే పరమాశ్రయం, పారాయణం అంటే చదువుకుంటూ పోవడం. కవిబ్రహ్మ అంటే ఊరికే అన్నారా?

ఉలవపాడు: అది జగణం కదా, అక్కడ ఉండొచ్చా అని ఎవరన్నా అడిగే లోపల నేనే చెబుతా. ఉండొచ్చు. రెండో సగంలో అది నాలుగో గణం, సరి స్థానం. బేసి గణంలో అయితేనే నిషేధం.

కావలి అక్క: ఆత్మకూరు అబ్బాయి ఒక కొమ్ము గురించి అడిగాడు. మీరు పెన్న దాటి హస్తినాపురం చేరారు.

చీమకుర్తి: మూలపేట అన్న ఉన్నచోట ఏ దోవన పోయినా తిక్కన ఇంటికే చేరుతుందక్కా. "నరవర" అంటే ఎవరన్నా? ధృతరాష్ట్రుడా, ధర్మరాజా? సంస్కృతంలో ఇదే భావం విదురుడి నోటా ఉంది, ఆనుశాసనికంలో బృహస్పతి ధర్మరాజుతోనూ చెబుతాడు.

మూలపేట: అది వేరే దారం, ఇప్పుడు లాగొద్దు. నా బాధ వేరు. కొమ్ము ఉన్నా సరే, లేకపోయినా సరే, "తప్పించుకొని తిరుగువాడు ధన్యుడు" అనే నీతి నాకు గొంతు దిగదు. రాయబారంలో శ్రీకృష్ణుడి నోట మా వాడు ఏమనిపించాడు? "సారపు ధర్మమున్ విమల సత్యము" అని ఎత్తుకుని, అవి పాపం చేత, బొంకు చేత చెడిపోతుంటే "దక్షులెవ్వా రలుపేక్ష సేసి రది వారల చేటగు" అన్నాడు. భీష్ముడూ ద్రోణుడూ కూర్చున్న సభలో. నొప్పింపక తా నొవ్వక తప్పించుకు తిరిగింది వాళ్ళే కదా! సుమతి లెక్కన వాళ్ళు ధన్యులు, తిక్కన లెక్కన వాళ్ళకు చేటు. నేను తిక్కన పక్షం.

కావలి అక్క: ఆ పద్యంలో "దక్షులు" అనే మాట మింగేస్తున్నావు అన్నా. ఆపగల సత్తువ ఉండీ ఆపనివాడి మీద ఆ మాట. కురుసభలో పెద్దరికం ఉన్నవాళ్ళకు చెప్పింది తెచ్చి, రచ్చబండ దగ్గర మాటామాటా అనుకునే వాళ్ళకు అంటగడితే ఎట్ట? సుమతి చెప్పేది అన్యుల మనసుల సంగతి, అధర్మం సంగతి కాదు.

మూలపేట: ఇట్ట వేరు చేస్తే ఎవడికి వాడు "నేను దక్షుణ్ణి కాదు" అంటాడక్కా. భీష్ముడూ దాదాపు అదే అన్నాడు, అర్థానికి దాసుడనని.

కావలి అక్క: భీష్ముణ్ణి పక్కన పెట్టు. మీరంతా "తప్పించుక" దగ్గర కొట్టుకుంటా ఉండారు, అసలు బరువు "తిరుగువాడు" మీద ఉంది. తప్పించుకు "పోవువాడు" అనలేదు. మన దగ్గర "నలుగురిలో తిరగాల" అంటే తలెత్తుకుని మసలడం. నొప్పించకుండా, తాను నొవ్వకుండా, మాట పట్టింపుల్లో చిక్కుకోకుండా జనం మధ్యనే తిరిగేవాడు ధన్యుడు. పారిపోయేవాడికి ఆ నాలుగు పాదాల అవస్థ ఎందుకు, ఇంట్లో తలుపేసుకుంటే చాలు. పిరికితనం అర్థం మీరు "తప్పించుకొను"కు ఈ కాలంలో ఉన్న రంగు చూసి పూస్తా ఉండారు.

కనిగిరి మాస్టారు: బాగా చెప్పారమ్మా. దీనికి వ్యాకరణం బలం కూడా ఉంది. "తప్పించు" సకర్మకం, దేన్ని తప్పించాలో చెప్పాలి. "కొను" చేరితే ఆ పని తన మీదికే తిరుగుతుంది, వేరే కర్మ వెతకనక్కరలేదు. చీమకుర్తి గారి "తప్పించక" పెడితే కర్మ ఏది? దేన్ని తప్పించక? పద్యంలో "అన్యుల మనముల్" ఒక్కటే ద్వితీయార్థంలో ఉంది, దాన్ని "నొప్పింపక" ఇప్పటికే తీసుకుంది. ఈ వాదానికి మూడో పాదంలోని పకారంతో పని లేదు.

చీమకుర్తి: రెండో పాదంలో "ఆ మాటలాడి" ఉంది కదా మాస్టారూ. మాటలు కర్మ కావచ్చు. ఎప్పుడు ఏది ప్రస్తుతమో అప్పుడు ఆ మాట ఆడి, దాన్ని తప్పించక, అంటే మాట దాటవేయకుండా, తిరిగేవాడు. ఇప్పుడు మూలపేట అన్నకు గొంతు దిగుతుంది, తిక్కనకూ సుమతికీ సంధి కుదురుతుంది. నాకు శాలువా కప్పండి.

కనిగిరి మాస్టారు: "ఆడి" అనేది ఆ మాటల్ని ఎప్పుడో వాడేసుకుంది. ఒక కర్మను రెండు పాదాలు దాటించి ఇంకో క్రియకు కట్టడం అన్వయం కాదు, లాగులాట.

చీమకుర్తి: దూరాన్వయం మన కావ్యాల్లో కొత్తా? ప్రబంధపరమేశ్వరుణ్ణి అడగండి.

మూలపేట: ఎర్రనను మధ్యలోకి తెచ్చావూ? తెచ్చావు కాబట్టి చెబుతా. ఆయన ఊరు గుడ్లూరు అంటారు కదా. 2022లో కందుకూరుతో పాటు గుడ్లూరు కూడా మా నెల్లూరు జిల్లాలోకి వచ్చేసింది. అంటే కవిత్రయంలో ఇద్దరు మావాళ్ళు. ఇంక మీకు మిగిలింది గ్రానైటు.

చీమకుర్తి: అన్యాయం! ప్రోలయ వేమారెడ్డి కొలువు అద్దంకిలో. హరివంశం అంకితం ఆయనకే. గుడ్లూరులో పుడితే పుట్టాడు, పద్యం మా దగ్గర పండింది.

ఉలవపాడు: అదే 2022లో అద్దంకి బాపట్లకు పోయింది తమ్ముడూ. మీ దగ్గర పండిన పద్యాన్ని వాళ్ళు కోసుకుపోయారు. పైగా 1970లో ప్రకాశం జిల్లా పుట్టక ముందు కందుకూరు తాలూకా నెల్లూరుదే. మా ఉలవపాడు మామిడికాయ రెండు జిల్లాలూ చూసింది, రుచి మారలేదు.

ఆత్మకూరు: పెద్దలారా, నా కొమ్ము?

కావలి అక్క: కొమ్ము కంటే ముందు మొదటి పాదం సరిచేసుకో అబ్బాయ్. "ప్రస్తుత" అంటే "ఇప్పుడు" అనుకుని చదువుతారు అందరూ. "ఎప్పటికి" అని ముందే ఉంది, మళ్ళీ "ఇప్పుడు" ఎందుకు? ఇక్కడ ప్రస్తుతం అంటే జరుగుతున్న మాటకు తగినది. దాని వ్యతిరేకం మన నోట్లో ఇంకా ఉంది, అప్రస్తుతం. జిల్లాల పంపకం లాంటిది.

మూలపేట: దెబ్బ తగిలిందక్కా. తగిలించి తప్పించుక తిరగతా ఉండావు.

ఉలవపాడు: కొమ్ముకు మిగిలిన దోవ ఒకటే, పాత ప్రతులు. అక్కడా జాగ్రత్త కావాల. తాటాకు మీద గంటంతో గీసి మసి పూసేవారు. మసి చెరిగినచోట కొమ్ము గీత కనపడదు, "చు" కాస్తా "చ"గా చదువుతాం. పురుగు తిన్న రంధ్రం అక్కడే పడితే ఇంకేం చెప్పను. అందుకని ఒక్క ప్రతి చూసి తీర్పు చెప్పకూడదు. కనీసం మూడు చూడాలి, అవి ఒకదాన్ని చూసి ఒకటి రాసినవి కాకూడదు. ఒకే తప్పు మూడింటిలోనూ అచ్చం ఒకే చోట ఉంటే అది మూడు సాక్ష్యాలు కాదు, ఒక్కటే. మూడో పాదంలో "ప", నాలుగో పాదంలో "చు", రెండూ ఒకే ప్రతిలో కలిసి ఉన్నాయా అనేది ముఖ్యం. విడివిడిగా దొరికితే మాస్టారి వాదం నిలవదు.

కనిగిరి మాస్టారు: కలిసే ఉంటాయి.

చీమకుర్తి: చూడకుండానే?

కనిగిరి మాస్టారు: సూత్రం ఉంది కదా.

కావలి అక్క: తాటాకు దాకా ఎందుకు, ముందు పాత అచ్చు పుస్తకాలు చూడండి. వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం 1918 నాటిది, పాత తెలుగు పుస్తకాలకు అంతకంటే మంచి చోటు మన దాపుల్లో లేదు. చీమకుర్తి నించి ఎంత దూరమని?

చీమకుర్తి: వేటపాలెం కూడా ఇప్పుడు బాపట్ల జిల్లాయేనక్కా. అన్నీ పోగొట్టుకుని కూర్చున్నాం.

మూలపేట: నువ్వు పోయి చూసిరా, ఎర్రనను నీకు రాసిస్తా. గుడ్లూరు మాత్రం ఇవ్వను.

చీమకుర్తి: బేరం నచ్చలేదు. అద్దంకి కూడా ఇప్పించు, అప్పుడు చూస్తా.

ఉలవపాడు: మాస్టారూ, ఒక్క సందేహం. "నొవ్వక" ఏ ధాతువు? "తల నొస్తా ఉంది" అంటామే, ఆ నొచ్చు అయితే వ్యతిరేకంలో "చ్చు" పోయి "వ్వ" ఎట్ట వచ్చింది? ఇక్కడ "పు" రాలేదేం?

కనిగిరి మాస్టారు: అది ప్రేరణం (ఒకరిచేత చేయించే క్రియ) కాదు కాబట్టి రాలేదు. చచ్చు, చావక. నొచ్చు, నొవ్వక. ఆ వరస వేరు.

చీమకుర్తి: వచ్చు, రాక. తెచ్చు, తేక. అవి ఏ వరస?

కనిగిరి మాస్టారు: దానికి కొత్త చర్చ తెరవండి. ఇక్కడ రాస్తే ఆత్మకూరు వారు బాధపడతారు.