షూమన్ ‘ట్రాయ్‌మెరై’ని రెండు చెల్లోలకు రాయాలి, ఎక్కడ మొదలుపెట్టను?

డాలస్ అమ్మ:
అందరికీ నమస్కారం. మా అమ్మాయి స్కూల్ ఆర్కెస్ట్రాలో చెల్లో వాయిస్తుంది, ఇది నాలుగో ఏడు. నేను చిన్నప్పుడు కొంత పియానో నేర్చుకున్నాను. వచ్చే నెల మా తెలుగు పిల్లల కార్యక్రమంలో షూమన్ పియానో ముక్క ‘ట్రాయ్‌మెరై’ వాయిస్తానని కూర్చుంది. హాల్లో పియానో లేదు. తోడుగా ఇంకో చెల్లో అబ్బాయి ఉన్నాడు. సరే కదా అని పియానో నోట్లన్నీ మ్యూస్‌స్కోర్ అనే నోట్లు రాసే సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించి, కుడిచేతి లైను అమ్మాయికి, ఎడమచేతి లైను అబ్బాయికి ఇచ్చాను. పది నిమిషాల్లో ఇద్దరూ చేతులెత్తేశారు. అమ్మాయికి నోట్లు మరీ పైకి పోతున్నాయి, అబ్బాయికేమో ఒకేసారి మూడేసి నోట్లు. వాయించిన ఆ కాస్తా కూడా పాటలా లేదు. శ్రుతి మార్చాలా?

నాలుగు తీగలు:
చేతుల లెక్కన పంచడంలోనే వచ్చింది తిరకాసు. పియానోకి చేతులు రెండే అయినా ఈ ముక్కలో గొంతులు (ఒకేసారి నడిచే విడివిడి లైన్లు) ఇంచుమించు నాలుగు. కుడిచేతి కింది వేళ్లు వాయించేది చాలాచోట్ల పాట కాదు, లోపలి గొంతు. అందుకని ముందు కంప్యూటర్ మూసేసి పాటని నోటితో పాడండి. మీరు పాడినదే అమ్మాయి లైను. మిగతాదంతా ఆ తర్వాత.

స్థాయి సంగతి. అసలులో పాట పియానో మధ్య సీ మీద మొదలై, మొదటి వాక్యంలో పై ఎఫ్ దాకా, రెండో వాక్యంలో ఇంకా పై ఏ దాకా వెళ్తుంది. చెల్లోలో ఆ చివరి ఏ చాలా ఎత్తు, పిల్లలకి గండమే. అమ్మాయి లైను మొత్తం సెలెక్ట్ చేసి కంట్రోల్, కింది బాణం కలిపి ఒక్కసారి నొక్కండి, ఒక స్థాయి దిగుతుంది. ఇప్పుడు ఆ శిఖరం ఏ ఎక్కడ పడిందో చూడండి: ఏ-తీగకి (చెల్లో తీగలు కింది నుంచి సీ, జీ, డీ, ఏ) సరిగ్గా నడిమధ్య. అక్కడ గట్టిగా నొక్కక్కర్లేదు, మూడో వేలు ఆనించినా హార్మోనిక్ (తీగని తాకితే చాలు పలికే సన్నని స్వరం) పలుకుతుంది. షూమన్ దీన్ని చెల్లో కోసమే రాశాడా అనిపిస్తుంది నాకు (రాయలేదు, 1838లో ‘కిండర్‌త్సేనెన్’ అనే పియానో సంపుటిలో ఏడోదిగా రాశాడు).

మొదటి వాక్యంలో సీ నుంచి పై ఎఫ్‌కి ఎగిరే చోట ఇంకో వరం ఉంది. సీ ఫస్ట్ పొజిషన్‌లో (పొజిషన్ అంటే తీగ మీద ఎడమచెయ్యి ఉండే చోటు) రెండో వేలు, ఎఫ్ ఫోర్త్ పొజిషన్‌లో మళ్లీ రెండో వేలే. అదే వేలు తీగ మీద జారుతూ పైకెళ్తుంది. ఆ జారుడు కొంచెం వినిపించనివ్వండి, పియానో చెయ్యలేని పని అది. మరీ సాగదీస్తే మాత్రం పిల్లి ఏడుపు.

తెల్లమెట్లు:
మధ్యలో వస్తున్నాను, క్షమించాలి. పిల్లలకి ఎఫ్ మేజర్ ఎందుకండీ? డీ మేజర్‌కి దించితే వేలు పెట్టని ఖాళీ తీగలు మోగుతాయి, పైకి పాకే పని కూడా తగ్గుతుంది కదా?

నాలుగు తీగలు:
మామూలుగా మీరన్నదే రైటు. ఫ్లాట్లో షార్పులో ఎక్కువున్న శ్రుతిలో చెల్లో గొంతు మూసుకుపోతుంది, ఖాళీ తీగలు సాయం పట్టవు. షోపాన్ సీ షార్ప్ మైనర్ నాక్టర్న్‌ని చెల్లో విద్వాంసుడు పియాటిగోర్‌స్కీ చెల్లోకి రాసేటప్పుడు అర స్వరం జరిపి డీ మైనర్‌లో పెట్టాడు. కానీ ఇక్కడ డీ కి దించితే ఆ మొదటి పొడుగు స్వరం సరిగ్గా ఖాళీ డీ-తీగ మీద పడుతుంది. పాట మొత్తంలో ప్రాణం పోయాల్సిన స్వరం అది, ఖాళీ తీగ మీద వైబ్రాటో (వేలు ఊపి స్వరాన్ని కదిలించడం) ఉండదు. తప్పించుకోవాలంటే జీ-తీగ మీద ఫోర్త్ పొజిషన్‌కి వెళ్లాలి, మరి సులువెక్కడ? పైగా ఆ హార్మోనిక్ కూడా పోతుంది. అమ్మాయికి ఫోర్త్ పొజిషన్ అలవాటైతే ఎఫ్‌లోనే ఉంచండి.

ఇక అబ్బాయి లైను. ముందు ప్రతి కార్డ్‌లో (ఒకేసారి మోగే స్వరాల గుంపు) బేస్ నోట్, అంటే అన్నిటికన్నా కిందిది, ఉంచండి. రెండోది, అది మేజరో మైనరో చెప్పే స్వరం (థర్డ్). ఐదో స్వరాన్ని నిర్మొహమాటంగా కొట్టేయండి. ఉదాహరణకి రెండో బార్‌లో పాట పై ఎఫ్ మీద నిలిచినప్పుడు కింద బీ ఫ్లాట్ కార్డ్ ఉంటుంది. అబ్బాయి జీ-తీగ మీద రెండో వేలితో బీ ఫ్లాట్ పట్టి, పక్కన ఖాళీ డీ-తీగని కలిపి లాగితే చాలు. పైన అమ్మాయి ఎఫ్ ఎలాగూ ఉంది, కార్డ్ మొత్తం వచ్చేసింది, వేలు వాడింది ఒక్కటే. మొదటి బార్‌లో మాత్రం కింది ఎఫ్, ఏ రెండూ కలపొద్దు. అంత కింద థర్డ్ పలికిస్తే గుర్రుమంటుంది. ఎఫ్ ఒక్కటే పట్టి, ఏ ని తర్వాత విడిగా ఇవ్వండి.

చివర్లో పాట ఏ మీద ఆగే చోటు (ఫెర్మాటా, అంటే ఆగమనే గుర్తు ఉంటుంది) ఖాళీ జీ-తీగని ఒకసారి తాకించి, వెంటనే బీ నేచురల్ (ఫ్లాట్ కాని బీ), ఎఫ్ జంట. అక్కడ బీ నేచురల్ మర్చిపోతే కార్డ్ రంగే మారిపోతుంది.

తెల్లమెట్లు:
ఇంత కోసేస్తే షూమన్ ఏం మిగిలాడండీ? మధ్య భాగంలో పై గొంతు అన్నమాటని కింది గొంతులు అందుకుంటాయి, ఈ ముక్కలో నాకిష్టమైందే అది. బేసు, థర్డు అంటూ పోతే అదంతా గాలికి.

నాలుగు తీగలు:
ఒప్పుకుంటున్నాను, నా లెక్క అక్కడ పనికిరాదు. మధ్య భాగంలో అబ్బాయికి కార్డులు వద్దు, పై గొంతుకి జవాబు చెప్పే గొంతుల్లో ఒక్కదాన్ని ఎంచుకుని మొదలు నుంచి చివరిదాకా అదే ఇవ్వండి. అన్ని గొంతుల్లోంచి తలా రెండు నోట్లు ఏరితే ఏదీ వినపడదు.

డాలస్ అమ్మ:
ఇద్దరికీ థాంక్స్ అండీ. రాత్రి కూర్చుని మళ్లీ రాశాను. ఇప్పుడు పాటలా ఉంది! రెండు సందేహాలు. ఒకటి, పియానో నోట్లలో స్లర్ గీత (నోట్ల మీది వంపు గీత) చాలా పొడుగ్గా ఉంది, అంతసేపూ ఒకే బో (కమాను లాగుడు) ఎలా? పాపం, సగంలోనే బో అయిపోతోంది. రెండు, ఆ మొదటి పొడుగు ఎఫ్ దగ్గర చెల్లో గొంతు వణికి గరగరమంటోంది. మిగతా నోట్లన్నీ బాగానే ఉన్నాయి. దానికి తను టెన్షన్ పడిపోతోంది.

నాలుగు తీగలు:
పియానో స్లర్ అంటే ‘ఇదంతా ఒక మాట’ అని అర్థం, ఒక బో అని కాదు. మొదటి సీ అప్-బో (కమాను తోస్తూ), పొడుగు ఎఫ్ డౌన్-బో (కమాను లాగుతూ). ఈ-ఎఫ్-ఏ-సీ నాలుగూ ఒకే అప్-బోలో. అప్-బోలో శబ్దం దానంతటదే పెరుగుతుంది, పాట కూడా అక్కడే పైకెక్కుతోంది. పై ఎఫ్‌కి కొత్త డౌన్-బో. బో మార్చింది వినపడకూడదు, అంతే. ఇంకో మాట, పియానోలో మీటిన స్వరం దానంతటదే సన్నబడుతుంది. చెల్లో పిల్లలు ప్రతి పొడుగు స్వరాన్నీ చివర్లో ఉబ్బిస్తారు. పై ఎఫ్ చేరాక కాస్త సన్నబడనివ్వమనండి.

ఆ గరగర అమ్మాయి తప్పు కాదు, దాన్ని వుల్ఫ్ నోట్ అంటారు. చెల్లో పెట్టె సొంత కంపనం, తీగ కంపనం దగ్గర దగ్గరగా వచ్చి ఒకదాన్నొకటి తంతాయి. చాలా చెల్లోల్లో అది ‘ఈ’ స్వరానికీ ఎఫ్ షార్ప్‌కీ మధ్యే ఉంటుంది. తను ఆ ఎఫ్‌ని జీ-తీగ మీద వాయిస్తుంటే డీ-తీగ మీదికి మార్చి చూడండి, చాలావరకు తగ్గుతుంది. మోకాళ్లతో పెట్టెని కొద్దిగా అదిమినా సర్దుకుంటుంది. అప్పటికీ పోకపోతే బ్రిడ్జికి కింద, తీగకి బిగించే చిన్న ఇత్తడి గొట్టం దొరుకుతుంది, వుల్ఫ్ ఎలిమినేటర్ అని. దాన్ని బిగించి, కాస్త పైకీ కిందికీ జరుపుతూ వాయించి చూడాలి.

తెల్లమెట్లు:
వచ్చే ఏడాదికి ఒక మాట అమ్మా. బాఖ్ రెండు గొంతుల ఇన్వెన్షన్లు చూడండి. ఉన్నవే రెండు లైన్లు కాబట్టి ఏదీ కొట్టేయక్కర్లేదు, స్థాయి ఒక్కటే చూసుకోవాలి.

డాలస్ అమ్మ:
డీ-తీగ మీద వాయిస్తే గరగర పోయిందండీ! గొట్టం కొనే పని తప్పింది. ఇప్పుడు కొత్త పేచీ: పాటంతా నీకే, నాకు బేసేనా అని ఆ అబ్బాయి అలిగాడు.

నాలుగు తీగలు:
మొదటి 8 బార్లు రెండుసార్లు వస్తాయి కదా. రెండోసారి లైన్లు మార్చేయండి. అబ్బాయి వేళ్లు కూడా చూసి, ఫోర్త్ పొజిషన్ రాకపోతే ఈ వారమే మొదలుపెట్టించండి.