పాఠశాల లైబ్రరీకి ఆన్‌లైన్ శిక్షణ సరిపోతుందా, లైబ్రేరియన్ ఉండాలా?

ఖమ్మం తెలుగు టీచర్:
మాది జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. లైబ్రేరియన్ పోస్టు లేదు కాబట్టి ఆ బాధ్యత నామీద పడింది. మొన్న మండల సమావేశంలో ఒక పెద్దాయన అన్న మాట నన్ను వదలడం లేదు: "దీక్ష, స్వయం అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికల్లో బోలెడన్ని పాఠాలున్నాయి. ఫోను ఉన్న ఏ టీచరైనా నేర్చుకుని లైబ్రరీ నడపవచ్చు. ఇక లైబ్రేరియన్ ఎందుకు?" చాలామంది తలలూపారు. ఆన్‌లైన్ పాఠాలు దండగ అని నేను అనను. కానీ పోస్టుకు బదులు కోర్సు అనే ఈ లెక్కను ఒప్పుకోవచ్చా? అనుభవం ఉన్నవారు చెప్పండి.

కోహా మిత్రుడు:
సార్, ఆయన మాటలో నిజం లేకపోలేదు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రతి బడిలో లైబ్రరీ ఉండాలంటుంది. దినపత్రికలు, మ్యాగజైన్లు, కథల పుస్తకాలు ఉండాలంటుంది. లైబ్రేరియన్ ఉండాలని మాత్రం ఎక్కడా అనదు. అంటే ఉన్న టీచరే చూసుకోవాలి, ఆ టీచరుకు చేతిలో ఉన్న దారి ఆన్‌లైనే.

నా సంగతే చెబుతాను. లైబ్రరీ పుస్తకాల జాబితా, ఇచ్చిపుచ్చుకోవడాల లెక్క చూసే కోహా సాఫ్ట్‌వేర్ నాకు ఎవరూ ఎదురుగా కూర్చుని నేర్పలేదు. న్యూజిలాండ్‌లో పుట్టి, 2000లో వాడుకలోకి వచ్చిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌ను వీడియోలు చూసి, వాడుకరుల వేదికల్లో అడిగి నేర్చుకున్నాను. కేటలాగులో పుస్తకం పేరు 245 నంబరు గడిలో, రచయిత పేరు 100 నంబరు గడిలో రాయాలన్న సంగతి నుంచి తెలుగు లిపిలో వెతకడం వరకూ అంతా అక్కడిదే. అంతకుముందు మా కేటలాగులో ఒకరు "గురజాడ" అని తెలుగులో, మరొకరు అదే పేరు ఇంగ్లీషు లిపిలో ఎక్కించారు. పిల్లవాడు తెలుగులో వెతికితే సగం పుస్తకాలే కనబడేవి. దాన్ని సరిచేయడం నేర్పిన వీడియో పావుగంట కూడా లేదు. హాలులో అరవైమందిని కూర్చోబెట్టి ఒక్క ప్రొజెక్టర్‌తో చెప్పే శిక్షణలో ఇది ఎవరికి వంటబడుతుంది? వీడియోనైతే అర్థమయ్యేదాకా వెనక్కి జరుపుకుని చూడవచ్చు.

గురుకుల గ్రంథపాలకురాలు:
కోహా గురించి మీరన్నది అక్షరాలా నిజం. తెర మీద చేసే పనిని తెర మీద నేర్చుకోవడమే మేలు. కాకపోతే పాఠశాల లైబ్రరీలో కేటలాగు పని ఎంత? మిగతాదంతా పిల్లలతో పని. పేచీ అక్కడే ఉంది.

ఒక ఉదాహరణ చెబుతాను. విషయాన్ని బట్టి పుస్తకాలకు సంఖ్యలు వేసే డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యానికి 894.827. కోర్సులో ఇది పాఠం, చివర క్విజ్‌లో ప్రశ్న, జవాబు రాస్తే మార్కు. ఆ పాఠం ప్రకారమే సర్దితే మా కథల పుస్తకాలన్నీ ఒకే సంఖ్య కింద ఒకే వరుసలో నిలబడతాయి. ఆరో తరగతిలో చేరినా ఒత్తులు కూడబలుక్కుని చదివే అమ్మాయి ఆ వరుస ముందుకు వచ్చి, అట్ట బాగుందని లావుపాటి నవల తీసి, రెండు పేజీలు తిప్పి పెట్టేసి వెళ్లిపోతుంది. మళ్లీ రాదు. ఆమెను ఆ క్షణంలో చూసి, నాలుగు వాక్యాల బొమ్మల పుస్తకం చేతికివ్వాలి. అదీ తోటివాళ్ల ముందు చిన్నబుచ్చకుండా ఇవ్వాలి. అందుకే మేము పిల్లల కథల వెబ్‌సైట్ స్టోరీవీవర్ వాళ్లు కథలను నాలుగు స్థాయులుగా విడదీసిన తీరును చూసి, మా పుస్తకాల వెన్నుకు నాలుగు రంగుల కాగితాలు అంటించాం. స్థాయుల సంగతి ఆన్‌లైన్‌లోనే తెలిసింది, ఒప్పుకుంటాను. ఏ పిల్లకు ఏ రంగు అన్నది మాత్రం రోజూ ఆ గదిలో ఉండే మనిషికే తెలుస్తుంది.

కథ చదివి వినిపించడమూ అంతే. ఎక్కడ ఆగాలో, బొమ్మ ఎప్పుడు చూపాలో వీడియో చూపిస్తుంది. నేను చదివేటప్పుడు వెనక వరుస పిల్లలు దిక్కులు చూస్తున్నారని వీడియో నాకు చెప్పదు. అది చెప్పడానికి ఇంకొకరు ఆ గదిలో కూర్చోవాలి.

టాటా ట్రస్టుల వారి బాలసాహిత్య విభాగం పరాగ్ నడిపే లైబ్రరీ ఎడ్యుకేటర్స్ కోర్సును చూడండి. కొంత ముఖాముఖి, కొంత దూరవిద్య, మధ్యలో సొంత లైబ్రరీలో చేసి చూపాల్సిన ప్రాజెక్టు, దాన్ని చూసి సలహా చెప్పే మార్గదర్శి. అడగవలసింది అటువంటిది. 70 శాతం మార్కులకు సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసుకుని ఫైలులో పెట్టుకునే శిక్షణ కాదు.

సైన్సు సార్, ప్రకాశం:
మేడం, వినడానికి బాగుంది. మా బడికి లైబ్రేరియన్ ఎప్పుడొస్తారు? సమగ్ర శిక్షా అనే ప్రభుత్వ విద్యా పథకం కింద బడి స్థాయిని బట్టి ఏటా 5,000 నుంచి 20,000 రూపాయల లైబ్రరీ గ్రాంటు ఉంటుంది. అది పుస్తకాలకే, జీతానికి కాదు. పోస్టు వచ్చేదాకా పిల్లలు ఎదురుచూస్తూ కూర్చోరు కదా. అప్పటిదాకా ఫోనులో నేర్చుకోక ఏం చేయాలి?

టెక్సస్ నుంచి ఒక లైబ్రేరియన్:
నేను ఇక్కడ ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను. ఈ రాష్ట్రంలో పాఠశాల లైబ్రేరియన్ సర్టిఫికెట్‌కు మాస్టర్స్ డిగ్రీ, రెండేళ్ల బోధనానుభవం, ఒక పరీక్ష కావాలి. దాన్ని ఐదేళ్లకోసారి కొనసాగించుకోవడానికి 200 గంటల శిక్షణ చూపాలి. అందులో ఎక్కువ భాగం నేను ఆన్‌లైన్‌లోనే పూర్తిచేస్తాను. లైబ్రరీ సిబ్బందికి శిక్షణనిచ్చే వెబ్‌జంక్షన్ అనే వెబ్‌సైట్ పాఠాలు ఉచితం, మీరూ చూడవచ్చు, అయితే అవి ఎక్కువగా పౌర గ్రంథాలయాల కోసం తయారైనవి.

ఇక్కడ వరస గమనించండి: ముందు ఉద్యోగం, ఆపైన శిక్షణ. ఉద్యోగమే పోతే ఎన్ని మంచి కోర్సులున్నా ఏం లాభం? 2023లో హ్యూస్టన్ విద్యా జిల్లాను రాష్ట్రం తన అధీనంలోకి తీసుకున్నాక చాలా బడుల్లో లైబ్రేరియన్ పోస్టులు తీసేశారు. వాళ్లెవరూ శిక్షణ లేనివాళ్లు కారు. అందుకే "కోర్సు ఉంది కదా, మనిషి ఎందుకు" అన్న మాట వింటే నాకు భయమేస్తుంది.

గురుకుల గ్రంథపాలకురాలు:
ప్రకాశం సార్ అడిగింది న్యాయమైన ప్రశ్న. పోస్టు కోసం కొట్లాడుతూనే ఇవాళ ఏం నేర్చుకోవాలన్నది తేల్చుకోవాలి. నన్నడిగితే మొదటి పాఠం డ్యూయీ కాదు, బీరువా తాళం.

మన బడుల్లో పుస్తకాలు బీరువా దాటి రాకపోవడానికి మొదటి కారణం బద్ధకం కాదు, భయం. పుస్తకం పోతే డబ్బు తననే కట్టమంటారని టీచరు భయం. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు 2017లో 215వ నియమం చదవండి. ఏడాదిలో చదువుకోవడానికి ఇచ్చిన ప్రతి వెయ్యి పుస్తకాలకు ఐదు పోవడాన్ని సహజ నష్టంగా పరిగణించవచ్చని అందులో ఉంది. నిర్లక్ష్యమో మోసమో ఉండకూడదు. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకమో, అరుదైన పుస్తకమో పోతే విచారణ తప్పదు. ఇది కేంద్ర సంస్థలకు వర్తించే నియమం. మీ బడికి వర్తించేది ఏదో హెచ్‌ఎం గారిని, ఎంఈఓ గారిని అడిగి కాగితం మీద తీసుకోండి. ఈ ఒక్క సంగతిని పది నిమిషాల తెలుగు వీడియోగా చేసి అన్ని బడులకూ పంపితే తెరుచుకునే బీరువాలు చాలా ఉంటాయి. ఆన్‌లైన్ శిక్షణకు ఇంతకంటే మంచి పని ఏముంటుంది?

కోహా మిత్రుడు:
పోస్టుల మీద మీతో పూర్తిగా ఏకీభవించలేను. చిన్న బడికి పూర్తికాలపు లైబ్రేరియన్‌ను ఇవ్వడం అయ్యే పని కాదనే ఇప్పటికీ అంటాను. నాలుగైదు బడులకు కలిపి ఒకరైనా ఉంటే, ఆ ఒకరు వారానికో రోజు వచ్చి టీచరు పక్కన కూర్చుంటే, ఆన్‌లైన్‌లో నేర్చుకున్నది నిలబడుతుంది. ఆ బీరువా తాళం వీడియో నేను చేస్తాను మేడం. నియమాల భాగం మీరు రాసి పంపండి.

ఖమ్మం తెలుగు టీచర్:
వచ్చే సమావేశంలో నేను అడగబోయేది ఇదే: నాలుగైదు బడులకు ఒక లైబ్రేరియన్, లైబ్రరీ చూసే టీచరుకు వారంలో కనీసం రెండు పీరియడ్ల వెసులుబాటు, పుస్తకాల నష్టం మీద రాతపూర్వకమైన ఉత్తర్వు. ఇవి లేకుండా కోర్సులు పూర్తిచేసిన వారి జాబితా మాత్రమే అడిగితే సంతకం పెట్టను. మేడం, మీ నాలుగు రంగుల జాబితాలో మొదటి రంగు పుస్తకాల పేర్లు ఇక్కడ పెట్టగలరా? మా ఆరో తరగతికి సోమవారం నుంచే మొదలుపెడతాను.