అప్‌డేట్: ట్యాంకులో తెల్లబడిన పగడాలు, కారణం దొరికింది

డాలస్‌లో మా ఇంటి ఉప్పునీటి ట్యాంకులో పగడాలు ఒక్కొక్కటే తెల్లబడుతున్నాయని, నీళ్లు మాత్రం అద్దంలా ఉన్నాయని మూడు నెలల క్రితం ఇక్కడే అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

తేడా అంతా ఆ అద్దంలాంటి నీళ్లలోనే ఉంది. షాపాయన తన డిజిటల్ మీటరుతో చూస్తే నాచుకు పోషకాలైన ఫాస్ఫేట్ సున్నా, నైట్రేట్ కూడా దాదాపు అంతే. గాజుకు పాచి పట్టకూడదని ఫాస్ఫేట్ పీల్చే గింజలు రెట్టింపు వేసింది నేనే. పగడం ఒంట్లో కాపురముండే జూక్సాంథెల్లే అనే నాచుకీ అది కావాలట. పగడానికి కావలసిన శక్తిలో 90 శాతం దాకా వండిపెట్టేది ఆ నాచే. పగడానికి రంగు కూడా దానిదే, అది పోతే తెల్లబడుతుంది. దాన్ని పస్తు పెట్టి, పైన కొత్త ఎల్ఈడీ లైటు ఫుల్లుగా వెలిగించాను.

గింజలు తీసేశాను, లైటు సగానికి తగ్గించాను, చేపలకు మేత కాస్త పెంచాను. "తెల్లబడితే చచ్చినట్టు కాదు, ఓపిక పట్టు" అన్నవారి మాటే నిజమైంది. రాత్రి టార్చి వేసి చూస్తే తెల్లటి కొమ్మల మీద గాజులాంటి సన్నని చేతులు ఆడుతూనే ఉండేవి. ఐదో వారంలో అంచుల్లో గోధుమరంగు కనిపించింది. రెండు కోలుకున్నాయి, ఒకటి పోయింది.

కొందరు అనుమానించినట్టు హీటర్‌ది తప్పు కాదు, నీళ్లు 26 డిగ్రీలే. సముద్రంలో ఎక్కువగా వేడి వల్లే ఇలా అవుతుంది కాబట్టి ఆ అనుమానం సబబే. కొందరు నీళ్లలో పోయమన్న బాక్టీరియా సీసా మాత్రం డబ్బు దండగ. పగడం జిగురు మీద సూక్ష్మజీవులు ముఖ్యమే, కానీ నా సమస్య అది కాదు.

ఇప్పుడు ఫాస్ఫేట్ 0.05 పీపీఎం (పది లక్షల భాగాల్లో 0.05 భాగం) దగ్గర ఉంచుతున్నాను. గాజు మీద పాచి వారానికోసారి గీకుతున్నాను.