సుక్రోజ్ స్టియరేట్‌తో చేసిన క్రీము విరిగిపోకుండా ఏం చేయాలి?

నమస్కారం. మా అమ్మగారి పొడి చర్మం కోసం గానుగ నువ్వుల నూనెతో, సువాసనలేవీ కలపకుండా, ఇంట్లోనే క్రీము తయారు చేస్తున్నాను. నూనె, నీరు విడిపోకుండా పట్టి ఉంచడానికి సుక్రోజ్ స్టియరేట్ వాడుతున్నాను. చక్కెరను, స్టియరిక్ ఆమ్లాన్ని ఎస్టరుగా కలిపి చేసే ఈ పదార్థం ఆహార సంకలితాల్లో ఇ473 అనే సంఖ్య గల వర్గానికి చెందుతుంది. చర్మాన్ని మంట పెట్టని గుణం వల్లనే దీన్ని వదులుకోవడం నాకు ఇష్టం లేదు.

నూనె 20 శాతం, సుక్రోజ్ స్టియరేట్ 4 శాతం తీసుకుని, నూనె భాగాన్నీ నీటి భాగాన్నీ విడివిడిగా 75 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి చేసి కలుపుతున్నాను. చల్లారేటప్పుడు చక్కగా చిక్కబడుతుంది గానీ, కొన్నాళ్లకు సీసా అంచుల వెంట నీరు ఊరి, వేలితో రాస్తే సన్నని రవ్వలా తగులుతోంది. క్రీము పాడవకుండా కలిపే సోడియం బెంజోయేట్ పనిచేయాలంటే ఆమ్లత్వం ఉండాలి కాబట్టి సిట్రిక్ ఆమ్లంతో పీహెచ్‌ను 4.5 దగ్గరికి తెస్తున్నాను. ఆ ఆమ్లమే కాలక్రమంలో ఎస్టరు బంధాన్ని తెంచుతోందా, లేక మోనోఎస్టరు (ఒకే కొవ్వు ఆమ్లం అతికిన చక్కెర అణువు) వాటాను బట్టి మారే హెచ్‌ఎల్‌బీ విలువ (నీటివైపు, నూనెవైపు ఈ పదార్థం ఎంత మొగ్గుతుందో చెప్పే సంఖ్య) ఈ నూనెకు సరిపోవడం లేదా?

మైనంలాంటి సీటైల్ ఆల్కహాల్, నీటిని చిక్కబరిచే జాంథన్ గమ్‌లలో ఏది తోడైతే నిలకడ వస్తుందో అనుభవజ్ఞులు చెప్పగలరు. అమ్మ శాకాహారి కనుక, స్టియరిక్ ఆమ్లం మొక్కలదో జంతువుల కొవ్వుదో తెలుసుకోవడానికి అమ్మకందారును ఏ పత్రం అడగాలో కూడా దయచేసి తెలియజేయండి.