మిర్చి పనికి వెళ్లే తల్లిదండ్రులను తరగతి గదిలోకి ఎలా పిలవాలి?

అడిగినవారు: మూడో తరగతి టీచర్, గుంటూరు

అందరికీ నమస్కారం. గుంటూరులో ఒక మున్సిపల్ ప్రాథమిక పాఠశాలలో ఎస్జీటీగా (సెకండరీ గ్రేడ్ టీచర్‌గా) పని చేస్తున్నాను. మూడో తరగతి నాది, 26 మంది పిల్లలు. అందులో పదిహేడు మంది ఇళ్లలో మిర్చి పనే ఆధారం. నాన్నలు మిర్చి మార్కెట్ యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోస్తారు, అమ్మలు షెడ్లలో తొడిమలు తీస్తారు. కొత్త కాయ దిగిందంటే వేసవి దాకా వీళ్లకు ఊపిరి సలపదు. తొడిమలు తీసేవాళ్లకు కిలో లెక్కన కూలి. ఒక పూట మానితే ఆ పూట డబ్బులు పోయినట్టే.

ఫిబ్రవరిలో ఒక శనివారం, ఎలాగూ పుస్తకాల సంచీ తేనక్కర్లేని నో బ్యాగ్ డే కాబట్టి, అమ్మానాన్నలను తరగతి గదిలోకి పిలవాలనుకుంటున్నాను. ఉపన్యాసాలు ఉండవు. పిల్లల పక్కన గంటన్నర కూర్చుని వాళ్లతో కలిసి ఏదైనా పని చెయ్యాలి, అంతే.

ఈ ఆలోచన ఎందుకు వచ్చిందో చెప్పాలి. 2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతా మొదటి మెగా పీటీఎం (తల్లిదండ్రులు, టీచర్ల సమావేశం) జరిగింది కదా. మా బడి ఆవరణ కూడా నిండిపోయింది. అమ్మలు ముగ్గులు వేశారు, నాన్నలు తాడు లాగారు, అందరం కలిసి భోజనం చేశాం. నాకు ఎంతో సంతోషం వేసింది. సాయంత్రం మా తరగతి పాప ఒకతి వాళ్ల అమ్మ చెయ్యి పట్టుకుని "నా బెంచీ చూద్దువు రా" అని లాగుతోంది. ఆమె గడప దగ్గరే చెప్పులు విడిచి ఆగిపోయింది. "చేతులకు ఇంకా కారం ఉందమ్మా, పుస్తకాలకు అంటుద్ది" అంది. అక్కడి నుంచే లోపలికి తొంగి చూసి వెళ్లిపోయింది. పొద్దున ముగ్గుల్లో అందరికంటే చకచకా చుక్కలు పెట్టిన మనిషి ఆమె. ఆవరణలో అంత ధైర్యంగా ఉన్నామె గడప దాటలేకపోయింది. ఆ రోజు నుంచి గమనిస్తున్నాను, మా పిల్లల తల్లుల్లో చాలామంది అంతే. కిటికీ దగ్గరకు వస్తారు, లోపలికి రారు.

మొదట పిల్లలతో కలిసి కథ చదివిద్దామనుకున్నాను. కానీ చదవడం వచ్చిన అమ్మలు తొమ్మిది మందే. మిగతావాళ్లు పిల్లల ముందు చిన్నబోతారు. ఆ ఆలోచన మానేశాను. అక్షరం రాకపోయినా పిల్లల ముందు పెద్దవాళ్లలాగే ఉండే పని ఏముంటుంది? ఎప్పుడు పిలిస్తే వస్తారు? ఎలా పిలవాలి? చేసి చూసినవాళ్లు చెప్పండి.

జవాబు: ఫార్మసిస్టు, విజయవాడ

టీచర్ గారూ, నేను టీచర్ని కాదు. ఆ గడప దగ్గర ఆగిపోయే అమ్మకు కూతుర్ని. మా అమ్మ గుంటూరులో చుట్టుగుంట దగ్గర షెడ్లలో పదకొండేళ్లు తొడిమలు తీసింది.

నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు మా బడిలో తల్లిదండ్రుల మీటింగ్ పెట్టారు. తలుపు దగ్గర బల్ల, బల్ల మీద రిజిస్టరు, పక్కన సిరా పెట్టె. "సంతకమా, వేలిముద్రా?" అని అందరికీ వినపడేలా అడిగారు. అమ్మ వేలు పెట్టింది. ఏళ్ల తరబడి తొడిమలు తీసిన వేళ్లు అరిగిపోయి ఉంటాయండి, గీతలు సరిగా పడవు. మళ్లీ వెయ్యమన్నారు. మూడోసారి కూడా వేయించారు. వెనక పిల్లలు నవ్వారు. ఆ తర్వాత నా పదో తరగతి అయ్యేదాకా అమ్మ బడికి రాలేదు. నేనూ రమ్మనలేదు. నేను రమ్మనలేదన్నదే నన్ను ఇప్పటికీ ఎక్కువ బాధపెడుతుంది.

అందుకని మొదటి మాట, తలుపు దగ్గర రిజిస్టరు పెట్టకండి. హాజరు కావాలంటే పిల్లల పేర్లకు ఎదురుగా మీరే టిక్ పెట్టుకోండి.

రెండోది, కాగితం పంపకండి. ఆ కాగితం ఎవరితోనో చదివించుకోవడం కూడా వాళ్లకు చిన్నతనమే. ఏ పిల్ల పిలుపు ఆ పిల్ల గొంతుతోనే ఫోన్లో రికార్డు చేసి వాట్సాప్‌లో వాళ్ల ఇంటికి పంపండి. కూతురి గొంతు విన్నాక ఏ తల్లీ ఆగదు.

టైం గురించి. యార్డుకు శని, ఆదివారాలు సెలవు కాబట్టి నాన్నలు కొంతమంది దొరుకుతారు. షెడ్లు మాత్రం అమ్మ వెళ్లిన రోజుల్లో శనివారం కూడా నడిచేవి. అక్కడ ఆడవాళ్లు జట్టుగా పని చేస్తారు. ఒకామె లేచి వెళ్తే మాట పడాలి. జట్టంతా కలిసి రెండు గంటలు వస్తే ఎవరూ ఏమీ అనరు. కాబట్టి మీరు మాట్లాడాల్సింది ముందు జట్టును నడిపే మేస్త్రీతో. టీచరమ్మ స్వయంగా వచ్చి అడిగితే కాదనరు.

ఇంకొకటి, చిన్నదే కానీ మర్చిపోవద్దు. వరండాలో ఒక గిన్నెలో కొబ్బరినూనె, సబ్బు, బకెట్ నీళ్లు పెట్టండి. కారం మంట ఉత్త నీళ్లకు పోదు. ముందు నూనె రాసి రుద్దుకుని, తర్వాత సబ్బుతో కడుక్కోవాలి. మా అమ్మ రోజూ అలా కడుక్కున్నాకే నన్ను దగ్గరకు తీసుకునేది. ఆ నూనె గిన్నె చూస్తే మీ బడి తన కోసం ఎదురుచూసిందని ఆమెకు తెలుస్తుంది.

జవాబు: రిటైర్డ్ హెడ్మాస్టరు, గుంటూరు

అమ్మా, నీ ప్రశ్న చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. పై అమ్మాయి రాసింది ప్రతి బడి స్టాఫ్ రూములోనూ చదవాలి.

వెనకటి రోజుల్లో దసరాకు పంతులు గారు పిల్లల్ని వెంటబెట్టుకుని ఇంటింటికీ వెళ్లేవారు. పిల్లల చేతుల్లో రంగుకాగితాలు చుట్టిన విల్లంబులు, నోట్లో పాటలు. ఇంటివాళ్లు పంతులుగారికి తాంబూలంలో తోచినంత పెట్టేవారు, పిల్లలకు పప్పుబెల్లాలు పంచేవారు. చిన్నప్పుడు నేనూ తిరిగాను. అప్పుడు బడే ఇంటి గడప తొక్కేది. ఏడాదికోసారి పంతులు మన అరుగు మీద కూర్చున్నాడంటే ఆ ఇంటివాళ్లకు బడి పరాయిది కాదు. ఆ ఆచారం పోయాక మనం పిలుపులు పంపడం మొదలుపెట్టాం. కాబట్టి ఆ శనివారానికి ముందు వారం, సాయంత్రాలు రోజుకు నాలుగిళ్లకైనా వెళ్లి రా. చదువు సంగతి ఎత్తకు. ఇచ్చిన మంచినీళ్లు తాగి, రమ్మని చెప్పి వచ్చెయ్యి.

చేయించే పనికి వామనగుంటల ఆట పెట్టు. చెక్కలు కొనక్కర్లేదు. నేల మీద సుద్దతో రెండు వరసలు, వరసకు ఏడు గుండ్రాలు. గుంటకు ఐదు చింతపిక్కలు వేస్తే డెబ్భై. ఒక గుంటలో పిక్కలు తీసి తర్వాతి గుంటల్లో ఒక్కొక్కటే వేసుకుంటూ పోవాలి కదా, ఏ గుంట తీస్తే చివరి పిక్క ఎక్కడ పడుతుందో ముందే మనసులో లెక్క వేసుకోవాలి. మూడో తరగతి గణితమంతా అందులో ఉంది. మన తల్లుల్లో చాలామందికి ఆట వచ్చు, పిల్లలకు రాదు. అక్కడ అమ్మే టీచరు, నువ్వు కూడా ఆమె దగ్గర నేర్చుకో.

పై అధికారులు ఎవరైనా ఇదంతా ఎందుకని అడిగితే బెదరకు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారమే బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. బడి మీద హక్కు వాళ్లకు చట్టం ఇచ్చింది. మనం కుర్చీ వెయ్యాలి.

జవాబు: మున్సిపల్ స్కూల్ టీచర్, సింగ్ నగర్, విజయవాడ

మేడమ్, రెండు మాటలు. పోటీలు, బహుమతులు వద్దు. మా దగ్గర ఒకసారి ముగ్గులకు ఫస్ట్, సెకండ్ ఇచ్చాం. ప్రైజు రాని అమ్మల పిల్లలు ఆ రోజంతా మొహాలు వేలాడేసుకున్నారు. అది నా తప్పే, మళ్లీ చెయ్యలేదు.

ముగ్గును పోటీగా కాకుండా లెక్కగా పెట్టండి. ఏడు చుక్కల నుంచి నాలుగు వరకు సందుచుక్క పెడితే మొత్తం ఎన్ని? పిల్లలు 4, 5, 6, 7, 6, 5, 4 అని కూడి 37 చెప్పాలి. అదే ఏడు నుంచి ఒకటి దాకా రెండేసి తగ్గిస్తే 25. అమ్మ చుక్కలు పెడుతుంది, పిల్లాడు లెక్క చెబుతాడు.

నాన్నలకు తూకం పని ఇవ్వండి. రోజూ బరువులు మోసేవాళ్లకు చేతి అంచనా గట్టిగా ఉంటుంది. బియ్యం సంచీ, పుస్తకాల బ్యాగు, ఇటుక పెట్టి ఎన్ని కిలోలో ముందు నాన్న చెప్పాలి, తర్వాత పిల్లలు కాటా వేసి చూడాలి. కిలోలు, గ్రాములు మీ క్లాసు పాఠమే కదా.

చంటిపిల్లలతో వచ్చేవాళ్లు ఉంటారు. పక్క గదిలో ఒక చాప, కాసిని బొమ్మలు ఉంచండి.

మళ్లీ అడిగినవారు: మూడో తరగతి టీచర్, గుంటూరు

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. మాస్టారూ, మీరు చెప్పినట్టే తిరిగాను. అన్ని ఇళ్లూ పూర్తి కాలేదు, పందొమ్మిది ఇళ్లకు వెళ్లగలిగాను. ఇద్దరు మేస్త్రీలతో మాట్లాడాను. ఒకాయన వెంటనే సరేనన్నాడు. రెండో ఆయన ఒప్పుకోలేదు, ఆ షెడ్డు నుంచి ఎవరూ రాలేకపోయారు. ఆ పిల్లలు ఐదుగురిని నా పక్కన కూర్చోబెట్టుకుని నేనే ఆడాను. అయినా వాళ్ల కళ్లు తలుపు వైపే ఉన్నాయి. వాళ్ల కోసం ఇంకో రోజు పెట్టాలి. ఆదివారమైనా సరే.

పద్నాలుగు మంది అమ్మలు, ముగ్గురు అమ్మమ్మలు, నలుగురు నాన్నలు వచ్చారు. గొంతు రికార్డు చేసి పంపడం బాగా పనిచేసింది. ఒకామె ఫోన్ తీసి వాళ్ల అబ్బాయి మాటలు నాకే వినిపించింది, రోజూ వింటున్నానంది. తూకం దగ్గర ఒక నాన్న ఇటుకను చేతిలో ఎగరేసి మూడుంపావు అన్నాడు. కాటా మీద మూడు కిలోల రెండు వందల గ్రాములు వచ్చింది. పిల్లలు చేసిన గోలకు పక్క తరగతి వాళ్లు కూడా వచ్చేశారు.

విజయవాడ నుంచి రాసిన చెల్లెమ్మా, మీ నూనె గిన్నె వరండాలో పెట్టాను. గడప దగ్గర ఆగిపోయిందని రాశానే, ఆ తల్లి వచ్చింది. గిన్నె చూసి "ఇది మాకేనా?" అంది. మీకేనమ్మా అన్నాను. మోచేతుల దాకా రాసుకుని, కడుక్కుని, కొంగుతో తుడుచుకుని లోపలికి వచ్చి కూతురి బెంచీలో కూర్చుంది. తర్వాత కింద కూర్చుని వామనగుంటల్లో నన్ను వరసగా రెండుసార్లు ఓడించింది. ఎలా అని అడిగితే చెప్పలేదు. "ఇంకో ఆట ఆడు, తెలుస్తది" అంది. వెళ్లేటప్పుడు కూతురి నోటుబుక్కు తీసి, పేజీలు ఒక్కొక్కటే తిప్పింది.

ఇక రెండో షెడ్డు వాళ్లకు పెట్టే రోజుకు చింతపిక్కలు సరిపోవు. మొన్న వాడినవి పిల్లలు ఇళ్లకు పట్టుకుపోయారు, నేను వద్దనలేదు. గుంటూరులో ఉన్నవాళ్లు ఎవరైనా ఇప్పుడు కొత్త చింతపండు కొట్టిస్తుంటే పిక్కలు పారేయకండి. చెబితే నేనే వచ్చి తీసుకుంటాను.