బోరు లోతుకు ట్రెండ్‌లైన్ గీస్తే 2030కి 1200 అడుగులు అంటోంది. చీనీ పెట్టొచ్చా, వద్దా?

చీనీ_చేను (కళ్యాణదుర్గం)

అందరికీ నమస్కారం. మాది కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లె. నేను అనంతపురంలో ఉద్యోగం చేస్తూ వారానికోసారి ఊరికి పోయి వస్తుంటాను, సేద్యమంతా మా నాయనే చూసుకుంటాడు. మూడెకరాల్లో ఇన్నాళ్లూ వేరుశనగే వేశాం. ఈసారి చీనీ (బత్తాయి) అంట్లు పెడదామని నాయన పట్టు మీద ఉన్నాడు. నాకేమో భయం. వేరుశనగ పోతే ఒక్క పంట పోతుంది, చీనీ అలా కాదు కదా, కాపుకు రావడానికే నాలుగైదేళ్లు పడుతుంది, ఆ మధ్యలో ఒక్క ఎండాకాలం నీళ్లు లేకపోయినా చెట్లు నిలువునా ఎండిపోతాయి.

బోరు 2008లో 600 అడుగులు వేయించాం. మోటారు దించిన ప్రతిసారీ నాయన షెడ్డు గోడ మీద బొగ్గుతో సంవత్సరం, లోతు రాసి పెట్టాడు. వానకు కొంచెం చెరిగింది గానీ చదవడానికి వస్తోంది. 2008లో 200 అడుగులు, 2011లో 260, 2013లో 320, 2016లో 400, 2018లో 460, 2019లో 500. ఇవన్నీ ఎక్సెల్‌లో వేసి ట్రెండ్‌లైన్ (చుక్కల మధ్యగా పోయే గీత) గీస్తే వై = 62.29 ఎక్స్ + 138.67 అని వచ్చింది, ఆర్ స్క్వేర్ 0.99. ఏడాదికి 62 అడుగులన్నమాట. అదే గీతను 2030 దాకా పొడిగిస్తే దాదాపు 1200 అడుగులు చూపిస్తోంది. ఆర్ స్క్వేర్ 0.99 అంటే ఇక తిరుగులేదనే కదా? ఇది చూసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. నాయనకు చూపిస్తే ఒక్క మాట మాట్లాడకుండా లేచి చేనుకు పోయాడు. మీరేమంటారు?

లెక్కల_అయ్యవారు (కడప)

తమ్ముడూ, నువ్వు పెట్టింది లైన్ చార్టా, స్కాటర్ చార్టా? నీ సమీకరణం చూస్తే లైన్ చార్టే. అందులో కింద 2008, 2011 అని కనిపిస్తాయి గానీ ట్రెండ్‌లైన్ లెక్కకు అవి సంవత్సరాలు కావు, 1, 2, 3 అని వరస నంబర్లే. నీ సంవత్సరాల మధ్య దూరం ఒకలా లేదు, ఒకచోట మూడేళ్లు, ఒకచోట రెండేళ్లు, చివర ఒక్క ఏడాది. వాటన్నిటినీ అది ఒకే అడుగుగా లెక్కేసింది. కాబట్టి ఆ 62 అడుగులు ఏడాదికి కాదు, మీ నాయన గోడ మీద రాసిన ఒక్కో రాతకు.

అవే అంకెలు స్కాటర్ చార్టులో వేసి చూడు, అందులో సంవత్సరాల మధ్య అసలు దూరమే లెక్కకొస్తుంది. నేను వేశాను, వాలు 27.34 వచ్చింది. అంటే ఏడాదికి 27 అడుగులు, 2030కి 790 దగ్గర. దీనికీ ఆర్ స్క్వేర్ 0.99 చిల్లరే. తప్పు లెక్కకూ 0.99, సరైన లెక్కకూ 0.99. చుక్కలు గీతకు ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పడం వరకే దాని పని. అడ్డంగా ఏం కొలిచావు, నిలువుగా ఏం కొలిచావు అన్నది దానికి తెలియదు, రేపటి సంగతి అసలే తెలియదు.

ఇంకొక జాగ్రత్త చెప్తాను, మా పిల్లలు ప్రతి ఏడూ ఇక్కడే పడతారు. ఎక్స్ దగ్గర నేరుగా 2008, 2011 అని వేస్తే సమీకరణంలో చివర మైనస్ 54,709 లాంటి పెద్ద అంకె వస్తుంది. అప్పుడు వాలును 27.34 అని ఉంచకుండా 27కి కుదించి చేత్తో 2030తో గుణిస్తే ఒక్క దెబ్బకు దాదాపు 690 అడుగుల తేడా వచ్చేస్తుంది. అన్ని సంవత్సరాల్లోంచీ 2008 తీసెయ్, 0, 3, 5, 8, 10, 11 అని వెయ్. వై = 27.34 ఎక్స్ + 188 అని చక్కగా వస్తుంది, చేత్తో కూడా సరిచూసుకోవచ్చు.

చీనీ_చేను

అయ్యవారూ, చాలా థ్యాంక్స్ సార్. లైన్ చార్టే పెట్టాను, మార్చి చూస్తే మీరు చెప్పినట్టే వచ్చింది. 1200 నుంచి 790కి దిగింది, సగం ప్రాణం లేచొచ్చింది. కానీ మా బోరే 600 అడుగులు, అంటే 790 అన్నా కొత్త బోరు వేయాల్సిందే కదా? అలాంటప్పుడు చీనీ మాట మరిచిపోవడమే మంచిదా?

రాప్తాడు_రైతు

అబ్బాయ్, ఆగు. మీ ఇద్దరూ గీత గురించే మాట్లాడుతున్నారు, నీళ్ల గురించి ఎవరూ మాట్లాడలేదు. నాకు లెక్కలు అంతగా రావు గానీ ఇరవై అయిదేళ్లుగా బోర్లతోనే బతుకుతున్నాను, కాబట్టి కొంచెం పొడుగ్గా చెప్తాను, ఓపిగ్గా చదువు.

ఆ గోడ మీద మీ నాయన రాసింది నీళ్లు ఎంత లోతులో ఉన్నాయనా? కాదు. మోటారు ఎంత లోతులో ఉందని. రెండూ ఒకటి కాదు. నీళ్లు అందక మోటారు ఖాళీగా తిరిగినప్పుడే ఎవరైనా మనుషుల్ని పిలిచి, స్టాండు వేసి, పైపులు కలిపి దించుతారు. అంటే గోడ మీదికి ఎక్కిందంతా చెడ్డ సంవత్సరాలే. మంచి వాన పడి నీళ్లు వంద అడుగులు పైకొచ్చిన ఏడాది మీ నాయన బొగ్గు ముట్టుకుని ఉండడు, ఎందుకు ముట్టుకుంటాడు? నీళ్లు పైకొచ్చాయని పైపులు పీకి మోటారును పైకి జరిపేవాడు ఎవరూ ఉండరు. కిందికి పోవడమే గానీ పైకి రావడం ఎప్పుడూ రాయని అంకెలకు గీత గీస్తే అది కిందికి తప్ప ఇంకెక్కడికి పోతుంది?

ఇంకోటి. చివరి రాత 2019. ఆ తర్వాత ఏమైంది? నువ్వు రాయలేదు, మోటారు ఇంకా 500లోనే ఉందనుకుంటాను. నీ సరైన గీత ప్రకారమే చూసినా 2023కే దాదాపు 600కి చేరి మీ బోరు అడుగు తగలాలి, 2025కి 650 దాటాలి. తగిలిందా? మోటారు దించని ఏళ్లు కూడా లెక్కే అబ్బాయ్, వాటిని చార్టులో నువ్వు వేయలేదు. 2018 కరువు మన జిల్లాలో అందరికీ గుర్తే, మీ గోడ మీద 2018, 2019 వరసగా పడ్డాయంటే అది దాని దెబ్బ. ఆ తర్వాత 2020, 2021లో వానలు బాగా పడ్డాయి, ఎండిన బోర్లు ఎన్నో మళ్లీ పోశాయి. మన అనంతపురం సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే, అందులో ఒక ఏడు కురిస్తే ఒక ఏడు కురవదు. కాబట్టి నీళ్లు ఏడాదికి ఇంత అని లెక్కగా దిగవు, వానను బట్టి ఎక్కుతాయి, దిగుతాయి.

మన కింద ఉన్నది గ్రానైటు లాంటి గట్టి రాయి. నీళ్లుండేది రాతి పగుళ్లలో. కిందికి పోయేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి. అందుకే 800 అడుగులకు 300 అడుగుల కంటే ఎక్కువ నీళ్లు పడతాయన్న నమ్మకం పెట్టుకోవద్దు. ఆ ఆశతోనే మా పక్క చేను వాళ్లు ఒకే ఏడాదిలో నాలుగు బోర్లు వేసి అప్పులపాలయ్యారు. ఆ ఇంటి పరిస్థితి కళ్లారా చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నాను.

నువ్వు చేయాల్సింది కొలవడం. భూగర్భ జలాల వాళ్లు కూడా ఏడాదిలో నాలుగుసార్లు కొలుస్తారు, వానలకు ముందు మే నెలలో ఒకసారి, వానలయ్యాక నవంబరులో ఒకసారి తప్పకుండా చూస్తారు. నడుస్తున్న బోరులో మాత్రం తాడు వేయొద్దు, కేబులుకు చుట్టుకుంటే మోటారు మొత్తం పీకాల్సి వస్తుంది. చుట్టుపక్కల మోటారు తీసేసిన పాత బోరు ఏదైనా ఉంటే అందులో కొలువు. తెల్లవారుజామున, చుట్టుపక్కల ఎవరూ మోటారు వేయకముందే.

హంద్రీ_ఒడ్డు (కర్నూలు)

రాప్తాడు అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. కానీ ట్రెండ్‌లైన్ అంటేనే పనికిరాదు అనుకోకండి, అది పనిచేసే చోట ఎంత బాగా పనిచేస్తుందో మీ జిల్లాదే ఒక ఉదాహరణ చెప్తాను. అనంతపురం జిల్లా జనాభా 1991లో 31.84 లక్షలు, 2001లో 36.40 లక్షలు. ఈ రెండు చుక్కలే పెట్టుకుని గీత పొడిగిస్తే 2011కి 40.97 లక్షలు రావాలి. జనాభా లెక్కల్లో వచ్చింది 40.81 లక్షలు. నలభై లక్షల మందిలో పదహారు వేల తేడా! జనాభా నింపాదిగా కదిలే విషయం, ఈ ఏడాది ఉన్నవాళ్లలో దాదాపు అందరూ వచ్చే ఏడాదీ ఉంటారు, అందుకే గీత నిలబడింది. అయినా అదే గీతను ఇంకా పొడిగించి ఇప్పటి అనంతపురం జిల్లాకు వాడితే మళ్లీ తప్పే, ఎందుకంటే 2022 ఏప్రిల్‌లో జిల్లా విడిపోయి శ్రీ సత్యసాయి జిల్లా వేరే అయ్యింది. కొలిచే వస్తువే మారిపోతే గీత ఏం చేస్తుంది?

నీళ్లు జనాభా లాంటివి కావు. మాది కర్నూలు, 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊళ్లోకి వచ్చినప్పుడు మేం మేడ మీద రెండు రాత్రులు కూర్చున్నాం. అంతకు ముందు ఇరవై ఏళ్ల వానల సగటుకు ఎన్ని గీతలు గీసినా ఆ వారం అందులో కనిపించేది కాదు.

చీనీ_చేను తమ్ముడికి నా సలహా ఒకటే, కింద సంవత్సరం వేయడం మానేసి ఆ ఏడాది పడిన వాన వేయండి. నిలువుగా ముందు మే నుంచి ఈ మే దాకా నీటిమట్టం ఎంత ఎక్కిందో, ఎంత దిగిందో వేయండి. అయిదారేళ్ల కొలతలు చేతికొచ్చాక అప్పుడు గీత గీస్తే మీ చేనులో ఎంత వాన పడితే నీళ్లు నిలబడతాయి, ఎంత తగ్గితే దిగుతాయి అన్నది ఒక అంకెగా తెలుస్తుంది. చీనీకి మీకు కావాల్సిన లెక్క అదే. మీ ఊరి చెరువుకు హంద్రీ-నీవా కాలువ నీళ్లు గానీ వస్తే మాత్రం ఆ ఏడాది నుంచి లెక్క వేరుగా రాసుకోండి, పాత వాటితో కలపకండి.

చీనీ_చేను

అందరికీ దండాలు. ఆదివారం ఊళ్లోనే ఉన్నాను. చేను గట్టున మాకొక పాత బోరు ఉంది, 350 అడుగులది, 2013లో పూర్తిగా ఎండిపోతే మోటారు పీకేసి పైన బండ పెట్టేశాం. నేనూ నాయనా తెల్లవారుజామున అయిదింటికి పోయి బండ జరిపి, నైలాన్ తాడుకు పదడుగులకొక ముడి వేసి, చివర ఇనుప బోల్టు కట్టి దించాం. ముడులు నాయన లెక్కపెడుతున్నాడు. ఇరవై తొమ్మిదో ముడి దాటుతుండగా కింద నుంచి చిన్నగా టుప్ అని వినిపించింది. నమ్మకం కుదరక రెండుసార్లు పైకి లాగి మళ్లీ వేశాం, అదే చోట. తాడు చివర తడిసి వచ్చింది. 290 అడుగులు, అదీ మే నెలలో, పదేళ్ల కిందట చచ్చిపోయిందనుకున్న బోరులో.

నాయన ఆ తడిసిన తాడు చేత్తో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. నా 1200 అడుగుల చార్టు చూపించి ఆయన్ని బాధపెట్టాననిపించింది, అదే మాట ఆయనతో కూడా చెప్పాను.

రాప్తాడు అన్నా, మీరు అడిగింది నిజమే, 2019 తర్వాత మోటారు దించలేదు, ఇప్పటికీ 500లోనే ఉంది. మూడెకరాలూ కాకుండా ఈ ఏడు ఒక ఎకరాకే చీనీ పెడదాం, అదీ డ్రిప్‌తో, మిగతా రెండెకరాల్లో వేరుశనగే వేద్దాం అని అనుకున్నాం. ఒక కరువు ఏడు వచ్చినా ఆ ఒక్క ఎకరాకు సరిపడా నీళ్లు మిగులుతాయని నాయన ధీమా. హంద్రీ_ఒడ్డు అక్కా, వాన లెక్క కోసం మండలం వాన అంకెలు సరిపోతాయా, చేనులోనే వాన కొలిచే గిన్నె పెట్టుకోవాలా?

హంద్రీ_ఒడ్డు

చేనులోనే పెట్టుకోండి తమ్ముడూ. ఒక ఊళ్లో కురిసిన వాన పక్క ఊళ్లో కురవదు మన దగ్గర. చుట్టూ చెట్టు గానీ గోడ గానీ లేని చోట పెట్టి, రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు చూసి రాయండి, వాన పడని రోజు కూడా సున్నా అని రాయండి.