డెబియన్ 13కి మారితే రసీదు ప్రోగ్రామ్ నడవడం లేదు, ఎక్స్‌సేన్ కూడా వదిలేయాలా?

బాలాజీకాలనీ_జిరాక్స్:
అందరికీ నమస్కారం. తిరుపతి బాలాజీ కాలనీలో నాది చిన్న జిరాక్స్ షాపు. రెండు జీబీ ర్యామ్ ఉన్న కోర్ 2 డ్యుయో మిషన్, అందులో లినక్స్ రకమైన డెబియన్ 10. స్కానింగ్‌కి ఎక్స్‌సేన్ వాడతాను, రసీదులకి మా తమ్ముడు బీటెక్ చదివేటప్పుడు పైథాన్ 2, పైజీటీకే (పైథాన్‌లో కిటికీలు, బటన్లు తయారుచేసే లైబ్రరీ)తో రాసిచ్చిన ప్రోగ్రామ్ ఉంది. ఇన్నేళ్లలో ఒక్కరోజు కూడా ఇబ్బంది పెట్టలేదు, అందుకే దాన్ని వదలాలంటే మనసు రావడం లేదు. కానీ డెబియన్ 10కి ఎల్టీఎస్ (దీర్ఘకాల మద్దతు) అప్‌డేట్లు 2024 జూన్ 30తోనే ఆగిపోయాయి. యూనివర్సిటీ పిల్లలు తెచ్చే పెన్‌డ్రైవ్‌లు, మెయిల్ చేసే పీడీఎఫ్‌లు అన్నీ ఇందులోనే తెరుస్తున్నాను కాబట్టి టెన్షన్‌గా ఉంది.

పోయిన ఆదివారం వేరే హార్డ్‌డిస్క్ పెట్టి డెబియన్ 13 ఎక్కించాను. రసీదు ప్రోగ్రామ్ నొక్కితే ఏమీ రాలేదు, టెర్మినల్లో చూస్తే అసలు పైథాన్ 2 లేదంటోంది. పాత డెబ్ ఫైళ్లు (డెబియన్ ఇన్‌స్టాల్ ఫైళ్లు) తెచ్చి బలవంతంగా ఎక్కించడం మొదలుపెట్టాను. ఒకటి పెడితే ఇంకొకటి అడిగింది, అది పెడితే మరో రెండు. రాత్రి పదకొండున్నరకి ప్రోగ్రామ్‌లు ఎక్కించే ఆప్ట్ ఇక దేన్నీ ఇన్‌స్టాల్ చేయనని మొండికేసింది. కౌన్సెలింగ్ మొదలయ్యేలోపు తేల్చుకోవాలి. పాత లైబ్రరీలను ఎలాగోలా ఎక్కించే దారి ఉందా, లేక అన్నీ మార్చేయాల్సిందేనా?

చిత్తూరు_టెర్మినల్:
అన్నా, ముందు ఆ డిస్క్ ఫార్మాట్ చేసి డెబియన్ 13 మళ్ళీ ఎక్కించండి, విరిగిన ఆప్ట్‌తో కుస్తీ పడొద్దు. ఈసారి తేలికగా ఉండే ఎక్స్ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ పెట్టుకోండి, రెండు జీబీకి అదే నయం. 64 బిట్ ఎడిషనే ఎక్కించారా అని కూడా చూసుకోండి, 13లో పాత 32 బిట్ మిషన్లకు ఇన్‌స్టాలర్ ఇవ్వడం లేదు. మీది కోర్ 2 డ్యుయో కాబట్టి ఇబ్బంది లేదు.

ఇక ఎక్స్‌సేన్. స్కానర్‌తో మాట్లాడేది సేన్, ఎక్స్‌సేన్ దాని మీద వేసిన కిటికీ మాత్రమే. ఆ కిటికీని జీటీకే2 అనే లైబ్రరీతో కట్టారు. జీటీకే2 వచ్చింది 2002లో, 2020 డిసెంబర్‌లో చివరి విడుదల ఇచ్చి డెవలపర్లు దాన్ని వదిలేశారు. సేన్ మాత్రం బతికే ఉంది, కాబట్టి పాత డిస్క్‌లో మీ స్కానర్ సేన్ డ్రైవర్‌తో పనిచేస్తుంటే ఎక్స్‌సేన్ బదులు వాడుకోగల సింపుల్ స్కాన్ ప్రోగ్రామ్‌లో కూడా అదే డ్రైవర్ పనిచేస్తుంది. టెర్మినల్లో స్కాన్‌ఇమేజ్ అని కొట్టి పక్కన హైఫన్, పెద్ద ఎల్ పెట్టండి. స్కానర్ పేరు కనిపిస్తే సగం పని అయిపోయినట్టే.

ఎక్స్‌సేన్‌లో స్కాన్ చేసింది నేరుగా ప్రింటర్‌కి పంపే కాపీ మోడ్ ఉంటుంది, సింపుల్ స్కాన్‌లో అలాంటిది లేదు. జిరాక్స్ షాపుకి అది లేకపోతే చేయి విరిగినట్టే. స్కాన్‌ఇమేజ్‌ని 300 రిజల్యూషన్, గ్రే మోడ్‌లో నడిపి, వచ్చిన బొమ్మను పైపుతో నేరుగా ఎల్పీకి (ప్రింట్ కమాండ్‌కి) పంపేలా చిన్న స్క్రిప్ట్ రాసి, దానికో ఐకాన్ పెట్టుకోండి. మా ఇంట్లో అమ్మ కూడా ఆ ఐకానే నొక్కి ఆధార్ కాపీలు తీసుకుంటుంది.

పీలేరు_పైథాన్:
రసీదు ప్రోగ్రామ్ గురించి నేను చెప్తాను, డిగ్రీ పిల్లలకు ఇదే పాఠం చెప్తుంటాను. దయచేసి దాన్ని పారేయకండి, మార్చి రాయించండి. పైథాన్ 2కి 2020 జనవరి 1తో మద్దతు ఆగిపోయింది, పైజీటీకే స్థానంలో పైజీఆబ్జెక్ట్ అనే లైబ్రరీ వచ్చింది. కోడ్‌ను పైథాన్ 3కి చాలావరకు మార్చిపెట్టే 2టు3 పనిముట్టును పైథాన్ 3.13లో తీసేశారు, డెబియన్ 13లో ఉన్నది ఆ 3.13యే. కాబట్టి ఆ మార్పు పాత డిస్క్‌లోనే చేసి, ఫైలును కొత్తదానికి తెచ్చుకోండి. ముందు జీటీకే3కి మారండి. జీటీకే4లో డైలాగ్‌ను రన్ చేసే పద్ధతే తీసేశారు కాబట్టి ఒకేసారి అక్కడికి దూకితే తమ్ముడు విసిగిపోతాడు.

అసలు చిక్కు రెండు చోట్ల వస్తుంది. మొదటిది భాగహారం. రెండు వైపులా ప్రింట్‌కి షీట్లు లెక్కేయడానికి పేజీలకు ఒకటి కలిపి రెండుతో భాగించి ఉంటే, నాలుగు పేజీలకు పైథాన్ 2 రెండు షీట్లు అనేది, పైథాన్ 3 రెండున్నర అంటుంది. ఎర్రర్ రాదు, బిల్లు మాత్రం తప్పుతుంది. అలాంటి చోటల్లా రెండు గీతల భాగహారం (//) పెట్టండి. రెండోది తెలుగు. ‘తిరుపతి’ పొడవు ఎంత అని అడిగితే పైథాన్ 2 మామూలు స్ట్రింగ్‌లో బైట్లు లెక్కపెట్టి 21 అనేది, పైథాన్ 3 కోడ్ పాయింట్లు (హల్లును, గుణింతపు గుర్తును విడివిడిగా) లెక్కపెట్టి 7 అంటుంది, మన కంటికి కనిపించేవి 4 అక్షరాలు. ఖాళీలు కొట్టి వరుసలు కుదిర్చి ఉంటే రసీదంతా చెదిరిపోతుంది. ఆ పని జీటీకేలో అక్షరాలను పేర్చే పాంగో లైబ్రరీకి అప్పగించండి, ఏ గడి ఎక్కడ మొదలవ్వాలో చెప్తే చాలు.

రేణిగుంట_రూట్:
ఇంత కష్టం ఎందుకు, డిస్ట్రోబాక్స్ అనే పనిముట్టుతో కొత్తదాని లోపలే డెబియన్ 10 కంటైనర్ (విడి పెట్టె లాంటిది) పెట్టుకుంటే పాత ప్రోగ్రామ్ అలాగే నడుస్తుంది కదా. నేను ఆఫీసులో అలాగే చేశాను.

పీలేరు_పైథాన్:
నెల రోజులకైతే సరే అన్నా, రసీదు ప్రోగ్రామ్ వరకే. కానీ అది అలవాటైతే మార్చి రాయడం ఎప్పటికీ జరగదు. డిస్ట్రోబాక్స్ మీ హోమ్ ఫోల్డర్‌ను లోపలికి కూడా ఇచ్చేస్తుంది, కాబట్టి పిల్లల పెన్‌డ్రైవ్ ఫైళ్లు అందులో అస్సలు తెరవొద్దు.

బాలాజీకాలనీ_జిరాక్స్:
మేడమ్, తమ్ముడితో కూర్చుని కోడ్ చూశాం. పేజీలకు ఒకటి కలిపి రెండుతో భాగించిన లైన్ అచ్చంగా అలాగే ఉంది! మీరు చెప్పకపోతే కౌన్సెలింగ్ రోజుల్లో అందరికీ తప్పు బిల్లులు వేసేవాడిని. స్కానర్ పేరు కొత్త డిస్క్‌లో కనిపించింది, కాపీ ఐకాన్ కూడా పనిచేస్తోంది, కాకపోతే లీగల్ కాగితం పెడితే కింద కొంత కట్ అవుతోంది. చిత్తూరు అన్నా, లీగల్ సైజు కాగితానికి స్క్రిప్ట్‌లో ఏం మార్చాలి?

చిత్తూరు_టెర్మినల్:
స్కాన్‌ఇమేజ్‌కి వెడల్పు 216, ఎత్తు 356 మిల్లీమీటర్లు ఇవ్వండి, ఎల్పీకి మీడియా లీగల్ అని చెప్పండి. ముందు స్కానర్ అద్దం పొడవు కొలుచుకోండి, ఏ4 ఫ్లాట్‌బెడ్ అయితే 297 దాటి తీయదు.

బాలాజీకాలనీ_జిరాక్స్:
కొలిచాను, ఏ4 అద్దమే. లీగల్ కాగితాలకు పెద్ద జిరాక్స్ మిషనే వాడతాను. రసీదు ప్రోగ్రామ్‌కి తమ్ముడు శనివారం వస్తానన్నాడు.